ఎన్నికల్లో నిలబడుతున్నారా? మీ మాట తీరుతో ఓట్లు పోగొట్టుకోకుండా ఉండటం ఎలా

సర్పంచ్‌గానో, ఎంపీటీసీగానో, మున్సిపాలిటీలో కౌన్సిలర్‌గానో మొదటిసారి నిలబడాలనుకుంటున్న వాళ్లకి, వాళ్ల వెనక తిరుగుతూ స్పీచ్‌లు రాసిచ్చే కుర్రాళ్లకి ఇది రాస్తున్నా. ఎన్నికలనగానే అందరూ ఫ్లెక్సీలు ఎన్ని, ఆటోలు ఎన్ని, ఏ వీధిలో ఏ కులం ఓట్లు ఎన్ని అని రాత్రంతా కూర్చుని లెక్కలేస్తారు, అభ్యర్థి నోరు తెరిస్తే ఏ తీరుగా మాట్లాడాలి అన్నదాని మీద మాత్రం పది నిమిషాలు కూడా పెట్టరు. "మనోడు బాగానే మాట్లాడతాడులే" అని వదిలేస్తారు, ఓట్లు పోయేది అక్కడే.

ముందే ఒక మాట చెప్పేస్తా. టోన్ ఒక్కటే గెలిపిస్తుందని నేను అనను. గాలి ఒక వైపు గట్టిగా వీస్తుంటే ఎంత మర్యాదగా మాట్లాడినా కొట్టుకుపోతారు, నోటికొచ్చినట్టు తిట్టినవాళ్లు కూడా అదే గాలిలో గెలిచేస్తారు, ఇది మనందరం చూసిందే. కానీ పోటీ గట్టిగా ఉన్న చోట సంగతి వేరు. 2019లో విజయవాడ సెంట్రల్ తేలింది 25 ఓట్ల తేడాతో. 2018లో తెలంగాణలో ఆసిఫాబాద్ తేలింది 171 ఓట్లతో. 2008లో రాజస్థాన్‌లో సి.పి. జోషి, అప్పుడు ముఖ్యమంత్రి రేసులో ఉన్న మనిషి, నాథ్‌ద్వారాలో ఒకే ఒక్క ఓటుతో ఓడిపోయారు. అసెంబ్లీ సీట్లే ఇలా తేలుతుంటే వెయ్యీ రెండు వేల ఓట్లుండే పంచాయతీ గురించి ఇంక చెప్పేదేముంది, ఒక వీధిలో నాలుగు కుటుంబాలు "వీడికి ఇప్పుడే ఇంత పొగరుంటే గెలిచాక ఇంకెంతో" అనుకుంటే చాలు, ఫలితం తారుమారైపోద్ది.

మొదటి పని: ఎవరి కోసం మాట్లాడుతున్నారో పేర్లు రాసుకోండి

ఓటరు లిస్టు తెచ్చుకుని ఎలాగూ గుర్తులు పెడతారు కదా, మనవాళ్లు, వాళ్లవాళ్లు, అటూ ఇటూ కానివాళ్లు అని. ఆ మూడో రకం పేర్లని విడిగా ఒక నోట్‌బుక్‌లో ఎక్కించండి. మీ మీటింగ్‌కి వచ్చి ముందు వరసలో విజిల్ వేసేవాడు మీరు ఏం మాట్లాడినా మీకే వేస్తాడు. అవతలి క్యాంపులో తిరిగేవాడు మీరు ఎంత చక్కగా మాట్లాడినా వెయ్యడు. మిగిలింది మీటింగ్‌కి రానివాళ్లు. సెంటర్లో మీరు మాట్లాడుతుంటే రెండు వీధుల అవతల ఇంట్లో చపాతీలు చేసుకుంటూ మైకులో వినేవాళ్లు, కిళ్లీ కొట్టు దగ్గర నిలబడి ఏమీ అనకుండా వినేవాళ్లు, బెంగళూరులోనో దుబాయ్‌లోనో ఉంటూ ఓటుకి వస్తామో రామో తెలియకుండా వీడియో చూసేవాళ్లు.

చిక్కేంటంటే స్టేజీ ఎక్కాక మీకు వినపడేది ముందు వరస వాళ్ల చప్పట్లు ఒక్కటే. ఒక తిట్టు తిడితే అరుపులు వస్తాయి, ఇంకోటి తిడితే ఇంకా గట్టిగా వస్తాయి, అరుపులు పెరిగే కొద్దీ ఓట్లు పెరుగుతున్నాయని అభ్యర్థి అనుకుంటాడు. నిజంగా పెరిగేవి ఆ ముందు వరస వాళ్ల సరదా ఒక్కటే, వాళ్ల ఓట్లు మొదటి రోజు నుంచీ మీవే. అందుకే ఆ నోట్‌బుక్‌లోంచి ముగ్గురి పేర్లు గుర్తు పెట్టుకుని వాళ్లు ఎదురుగా కూర్చున్నారు అనుకుని మాట్లాడండి. నేను చెప్పే మిగతా పనులన్నీ దీని మీదే ఆధారపడి ఉంటాయి.

రెండో పని: మీ గొంతు మీరు వినండి

ఫోన్లో రికార్డ్ చేస్కోండి. ఇంట్లో అద్దం ముందు చెప్పింది కాదు, నిజంగా జనం మధ్యలో మైకు పట్టుకుని చెప్పింది. తర్వాత దాన్ని మీ అభిమానికి వినిపించొద్దు, మీ పార్టీ కాని ఒక పెద్దావిడకో, రిటైరైన మాస్టారికో వినిపించి "ఈ మనిషి ఎలాంటోడు అనిపిస్తుంది" అని మాత్రమే అడగండి. స్పీచ్ ఎలా ఉంది అని అడిగితే బాగుందనే అంటారు, మనిషి ఎలాంటోడు అంటే మాత్రం అసలు సంగతి బయటికొస్తుంది.

మీరు విన్నప్పుడు ఇవి చూస్కోండి. వాక్యం చివర గొంతు అరుపుగా లేస్తుందా? ప్రతి ముక్కకీ "తెలుసా మీకు, తెలుసా మీకు" అని దబాయిస్తున్నట్టు ఉందా? "నేను" ఎన్నిసార్లు వస్తుంది, "మన వీధి, మన ఊరు" ఎన్నిసార్లు వస్తుంది? పెద్దవాళ్ల గురించి చెప్పేటప్పుడు "గారు" సహజంగా వస్తుందా, లేకపోతే ఎవరో గుర్తు చేస్తే తగిలిస్తున్నట్టు ఉందా?

మైకు సంగతి కూడా ఇక్కడే చెప్తా. మన ప్రచార ఆటోల మీద ఉండే గొట్టం మైకుల్లో గొంతు పెంచే కొద్దీ మాట పగిలిపోద్ది, కోపం మాత్రం స్పష్టంగా వినపడుద్ది. దూరంగా ఉన్నవాళ్లకి మీరు ఏం చెప్పారో అర్థం కాదు, ఎవరి మీదో అరుస్తున్నారని మాత్రం అర్థమవుద్ది. కాబట్టి మైకుని నోటికి జానెడు దూరంలో పెట్టి, మామూలుగా మాట్లాడే దానికంటే కొంచెం నిదానంగా, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఒక క్షణం ఆగి మాట్లాడండి. ఎదురు గోడకి తగిలి వచ్చే మోత తగ్గాక తర్వాతి వాక్యం ఎత్తుకోవాలి. గొంతు కొంచెం కిందకి దించి మాట్లాడితే వినేవాళ్లకి నమ్మకం కలుగుతుందని అమెరికాలో పరిశోధన చేసినవాళ్లు కూడా చెప్పారు, ఆడ గొంతుకైనా మగ గొంతుకైనా.

అమెరికా అన్నాను కాబట్టి హోవార్డ్ డీన్ సంగతి. 2004 జనవరిలో డెమోక్రటిక్ పార్టీ ప్రెసిడెంట్ అభ్యర్థి పోటీలో అయోవాలో మూడో స్థానం వచ్చింది ఆయనకి. ఆ రాత్రి కార్యకర్తల్ని ఉత్సాహపరచడానికి స్టేజీ ఎక్కి రాష్ట్రాల పేర్లు ఒక్కోటీ చదువుతూ చివర్లో ఒక కేక పెట్టారు. హాల్లో ఉన్నవాళ్లకి అది పెద్దగా వినపడనేలేదు, ఎందుకంటే అందరూ అరుస్తూనే ఉన్నారు. కానీ ఆయన చేతిలో ఉన్న మైకు చుట్టూ ఉన్న గోలని పట్టుకోదు, ఆయన గొంతుని మాత్రమే పట్టుకుంటుంది. టీవీల్లో చూసినవాళ్లకి ఒక మనిషి ఉన్నట్టుండి పిచ్చిగా అరిచినట్టు కనపడింది, రోజుల తరబడి అదే చూపించారు. మూడో స్థానంతోనే దెబ్బ తగిలింది, ఆ కేక దాన్ని ఇంకా పెద్దది చేసింది. ఇప్పుడు మీ మీటింగ్‌లో పది ఫోన్లు ఇలాగే రికార్డ్ చేస్తుంటాయి. అక్కడున్న ఊపు ఫోన్లోకి రాదు, మీ మొహం, మీ గొంతు మాత్రమే వస్తాయి. ఎంత జనం ఉన్నా ఒకడు ఫోన్లో ఒంటరిగా చూస్తే ఎలా ఉంటుందో తలుచుకుని మాట్లాడండి.

మూడో పని: విమర్శ చేయండి, కానీ ఇలా చేయండి

మర్యాద అంటే విమర్శ మానేయడం అని చాలామంది అనుకుంటారు, అది పెద్ద పొరపాటు. విమర్శ లేకపోతే పాత మనిషిని దించి మిమ్మల్ని ఎక్కించాల్సిన అవసరం ఏంటో ఓటరుకి తెలియదు. తేడా ఎక్కడంటే పని మీద పెట్టాలి, మనిషి మీద, ఇంటి మీద పెట్టకూడదు. ఇది నా సొంత నీతి కాదు, ఎన్నికల కోడ్‌లోనే ఉంది, విమర్శ అనేది విధానాలకి, కార్యక్రమాలకి, చేసిన పనికి పరిమితం కావాలి, సొంత జీవితం జోలికి పోకూడదు అని.

ఉదాహరణకి ఊళ్లో అందరూ అనుకుంటున్న మాట ఉందనుకోండి, పాత సర్పంచ్ డబ్బులు తినేశాడని. స్టేజీ ఎక్కి "వాడు దొంగ, వాడి అబ్బ దొంగ, ఊరిని దోచుకు తిన్నారు" అంటే ఏమవుతుంది? ఆయన బంధువులు ఊళ్లో ఓ ముప్పై ఇళ్లు ఉంటారు, వాళ్లలో సగం మందికి ఆయన మీద కోపమే ఉండొచ్చు, కానీ వంశాన్ని తిట్టాక వాళ్లంతా ఒక్కటైపోతారు. రుజువు లేకపోతే కేసు కూడా పడుద్ది.

దానికి బదులు ఇలా చేయండి. ఈగ్రామ్‌స్వరాజ్ సైట్లో మీ పంచాయతీ పేరు కొడితే ఫైనాన్స్ కమిషన్ నిధులు ఎంత వచ్చాయి, ఏ పనికి ఎంత చూపించారు అన్నది ఉంటుంది. దాన్ని ప్రింట్ తీయించండి. ఆ కాగితం చేతిలో పట్టుకుని మామూలు గొంతుతో చదవండి: "ఫలానా వీధిలో డ్రైనేజీకి ఇంత ఖర్చయిందని ఇక్కడ రాసుంది. ఆ వీధి వాళ్లు ఇక్కడే ఉన్నారు. అమ్మా, మీ వీధిలో డ్రైనేజీ వేశారా? నేను ఎవరి మీదా నింద వేయట్లేదు, లెక్క అడుగుతున్నా. రేపు నేను గెలిస్తే మీరు నన్నూ ఇలాగే అడగాలి." అంతే, ఆపేయండి. దొంగ అన్న మాట మీ నోటి నుంచి రాకూడదు, వినేవాళ్లు వాళ్లలో వాళ్లు అనుకోవాలి. వాళ్లంతట వాళ్లు అనుకున్న మాట పోలింగ్ రోజుదాకా ఉంటుంది.

తీసుకున్న మాటలు మంచివైనా పలికే తీరు చెడగొట్టేస్తుంది అన్నదానికి 2021 బెంగాల్ ఎన్నికల కంటే మంచి ఉదాహరణ నాకు కనపడదు. మోదీ గారు సభల్లో మమతా బెనర్జీని "దీదీ... ఓ దీదీ" అని సాగదీసి పిలిచేవారు. దీదీ అంటే అక్క, అందులో తప్పేముంది? కానీ ఆ సాగదీతలో వెటకారం ఉంది, రోడ్డు మీద వెళ్లే ఆడపిల్లని ఆకతాయిలు పిలిచినట్టు ఉందని తృణమూల్ వాళ్లు దాన్నే పట్టుకున్నారు. సభలో జనం బాగా ఎంజాయ్ చేశారు, అరుపులు, కేకలు. చివరికి తృణమూల్‌కి 200కి పైగా సీట్లు, బీజేపీకి 77. ఆ పిలుపు ఒక్కదాని వల్లే ఓడిపోయారని చెప్పలేం, స్కీములు ఉన్నాయి, ఇంకా చాలా లెక్కలున్నాయి. కానీ ఎదుటి మనిషి ఆడమనిషైనప్పుడు వెటకారం ఎంత ఖరీదైనదో ఆ తర్వాత ఆ పార్టీ వాళ్లలోనే కొంతమంది మాట్లాడుకున్నారు.

కాంగ్రెస్ వైపు నుంచి కూడా ఇలాంటివి ఉన్నాయి. 2007 గుజరాత్ ఎన్నికల్లో సోనియా గాంధీ వాడిన "మౌత్ కా సౌదాగర్" మాట, అంటే మృత్యు వ్యాపారి అని, దాన్ని మోదీ గారు మొత్తం గుజరాత్‌కే అవమానం అన్నట్టు తిప్పేశారు, 182లో 117 సీట్లు వచ్చాయి. 2014 ఎన్నికలకి ముందు మణిశంకర్ అయ్యర్ మోదీ గారిని టీ అమ్ముకునే మనిషని ఎగతాళి చేస్తే బీజేపీ వాళ్లు ఊరూరా చాయ్ పే చర్చా పెట్టారు. చూడండి, ప్రతిసారీ జరిగేది ఇదే, మీరు ఒక మనిషిని ఎత్తిపొడిస్తే అవతలివాళ్లు దాన్ని ఒక ఊరికో, ఒక వృత్తికో, ఒక కులానికో అంటగట్టేస్తారు, అప్పుడు మీరు కొట్లాడాల్సింది ఒక్క మనిషితో కాదు.

మనకి ఇది కొత్త కాదు. 1982లో బేగంపేట ఎయిర్‌పోర్టులో ముఖ్యమంత్రి అంజయ్య గారితో రాజీవ్ గాంధీ అందరిముందూ కటువుగా మాట్లాడిన తీరు ఊరూరా కథలా తిరిగింది. కొద్ది వారాల్లో ఎన్టీఆర్ పార్టీ పెట్టారు, తెలుగువారి ఆత్మగౌరవం అన్నారు, 1983 జనవరిలో 294లో 200కి పైగా సీట్లు. ముఖ్యమంత్రుల్ని మాటిమాటికీ మార్చడం, ఇంకా చాలా కారణాలున్నాయి, కానీ ఎయిర్‌పోర్టులో పడ్డ ఆ చీవాట్లు మిగతా అన్నిటికీ ఒక మొహం ఇచ్చాయి. నిన్నమొన్నటి సంగతి తీసుకుంటే 2021 నవంబర్ 19న అసెంబ్లీలో తన భార్య గురించి మాట్లాడారని చంద్రబాబు గారు బయటికొచ్చి ప్రెస్ మీట్‌లో ఏడ్చారు, మళ్లీ ముఖ్యమంత్రిగానే వస్తా అన్నారు, 2024లో వచ్చారు. ఆయనకి ఓటెయ్యని ఇళ్లలో కూడా ఆడవాళ్లు ఆ రోజు "ఇంట్లో ఆడవాళ్ల జోలికెందుకు" అనడం నేను విన్నా. ఇంట్లోవాళ్ల జోలికి పోవడం అనేది ఏ పార్టీ చేసినా నాకు కడుపు మండుతుంది, రాజకీయాల్లోకి రాకపోయినా ఆ ఆడవాళ్లు ఎందుకు పడాలి?

నాలుగో పని: ఇంటింటికీ తిరిగేటప్పుడు

స్టేజీ మీద కంటే గుమ్మం దగ్గరే మీ తీరు ఎక్కువ తెలిసిపోద్ది. ఇరవై మందిని వెంటేసుకుని ఒక చిన్న ఇంటి మీద పడకండి. ఇద్దరో ముగ్గురో లోపలికి, మిగతావాళ్లు వీధి చివర. వరస పెట్టి పిలవండి, అత్తా, పెద్దమ్మా, బాబాయ్, వదినా, ఊళ్లో మీకు ఆ వరస నిజంగా ఉంటేనే. లేని వరస కలిపితే ఇట్టే కనిపెట్టేస్తారు, అలాంటప్పుడు "అమ్మా", "అయ్యా" చాలు. ఎన్నికలొచ్చాక కొత్తగా కాళ్లకి దండాలు పెట్టడం, పిల్లాడిని లాక్కుని ఎత్తుకుని ఫొటో దిగడం, ఇవి జనానికి విసుగు పుట్టించి చాలా కాలమైంది.

ఎక్కువసార్లు మీకు ఎదురయ్యేది ఇది. మీరు దండం పెట్టగానే ఆవిడ బిందె కింద పెట్టి "ఐదేళ్లకోసారి వస్తారు, ఆ మురిక్కాలవ చూడండి ఎలా ఉందో, దోమలతో చస్తున్నాం" అంటుంది. వెనకనుంచి మీవాడొకడు "అది మేం కాదమ్మా, వాళ్లని అడుగు" అంటాడు. ఆ ఒక్క మాటతో ఆ ఇల్లు పోయినట్టే. ఆవిడకి ఎవరి హయాం అన్నది అక్కర్లేదు, తన బాధ ఒకళ్లు వినాలి. మీరు ఏం చేయాలంటే "ఎన్నాళ్ల నుంచి ఇలా ఉందమ్మా?" అని అడిగి, ఆవిడ చూపించిన చోటికి నడిచి వెళ్లి చూడండి. ఆవిడ చెప్పేది పూర్తయ్యేదాకా మధ్యలో మాట్లాడకండి, ఫోను ఎత్తకండి. అప్పుడు "గెలిస్తే మొదటి మీటింగ్‌లోనే దీన్ని పెడతా, ఎస్టిమేట్ వేయిస్తా. నెలలో అయిపోద్దని మాత్రం చెప్పలేను, బడ్జెట్ చూడాలి" అనండి. ఈ చివరి ముక్క చెప్పడానికి అభ్యర్థులకి భయం, కానీ నమ్మకం కలిగించేది అదే, ఎందుకంటే ఇదివరకు వచ్చిన ప్రతి ఒక్కడూ నెలలో చేస్తాననే అన్నాడు.

అవతలి పార్టీ వాళ్ల ఇళ్లకి కూడా వెళ్లండి. "మీరు ఎటు వేస్తారో తెలుసన్నా, అయినా చెప్పకుండా పోతే బాగోదని వచ్చా" అని రెండు నిమిషాలు నిలబడి వచ్చేయండి. ఓటు పడకపోవచ్చు, కానీ ఆ ఇంటోళ్లు మీ గురించి వీధిలో మాట్లాడే తీరు మారుతుంది, పక్కింటోళ్లు వినేది అదే.

2003లో వైఎస్ గారు చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచారు. ఆ పాదయాత్ర ఫొటోలు, వీడియోలు ఇప్పుడు చూసినా తెలుస్తుంది, రోడ్డు పక్కన ముసలామె చెయ్యి పట్టుకుని చెప్తుంటే తల వంచి వింటున్న మనిషి కనపడతాడు. 2019లో జగన్ గారు "నేను విన్నాను, నేను ఉన్నాను" అన్నారు, 3,648 కిలోమీటర్ల నడక తర్వాత అన్నారు కాబట్టి ఆ మాటకి బరువు వచ్చింది, 175లో 151 వచ్చాయి. అదే పార్టీ 2024కి వచ్చేసరికి "వై నాట్ 175" అంది, వచ్చినవి 11. ఓడిపోవడానికి కారణాలు బోలెడు, నేను ఆ చర్చలోకి పోను, టోన్ వరకే చెప్తా: మొదటిది ఓటరు గురించి, రెండోది సీట్ల గురించి. "గెలుపు మనదే, మెజారిటీ ఎంతన్నదే తేలాలి" అనే మాట మీ నోట కూడా రానివ్వకండి, అది విన్న ఓటరుకి తన ఓటు అవసరం లేదనిపిస్తుంది, మీ కార్యకర్తకి పని చేయక్కర్లేదు అనిపిస్తుంది.

ఐదో పని: మీ వెనకున్నవాళ్ల నోరు

మీరు ఎంత బాగా మాట్లాడినా మీ కుర్రాడు ఊరి వాట్సాప్ గ్రూపులో రాత్రి పదకొండింటికి బూతు వాయిస్ మెసేజ్ పెడితే అది మీ ఖాతాలోనే పడుద్ది. నామినేషన్ వేసిన రోజే అందర్నీ కూర్చోబెట్టి చెప్పేయండి, కుటుంబం, కులం, ఆడవాళ్లు, రోగం, చావు, ఈ ఐదింటి మీద ఒక్క పోస్టు కూడా ఉండకూడదు అని. మార్ఫింగ్ ఫొటోలు, మీమ్‌లు అసలే వద్దు. ఎవడైనా పెడితే గంటలో డిలీట్ చేయించి, అదే గ్రూపులో మీ గొంతుతో "ఇది తప్పు, నా తరఫున ఇలాంటివి రావు" అని పెట్టండి. మీవాడికి చిన్నతనం అవుతుంది, అలగొచ్చు కూడా, తర్వాత ఇంటికెళ్లి సర్దిచెప్పుకోండి.

చట్టం సంగతి కూడా వాళ్లకి తెలియాలి. కులం, మతం పేరుతో ఓటు అడగడం, అభ్యర్థి వ్యక్తిగత నడవడి మీద తెలిసీ అబద్ధం ప్రచారం చేయడం, ఇవి ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ కింద అవినీతి చర్యలు, గెలిచిన ఎన్నిక కూడా కోర్టులో కొట్టేయొచ్చు. ఆ చట్టం ఎంపీ, ఎమ్మెల్యే ఎన్నికలకి, పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలకి రాష్ట్రాల సొంత చట్టాలు, రాష్ట్ర ఎన్నికల సంఘం కోడ్ ఉంటాయి, రిటర్నింగ్ ఆఫీసర్ దగ్గర ఆ కాగితాలు అడిగి తీసుకోండి. పెద్ద నాయకులకి కూడా దెబ్బ తప్పలేదు. 2019 ఏప్రిల్‌లో యోగి ఆదిత్యనాథ్‌ని 72 గంటలు, మాయావతిని 48 గంటలు ప్రచారం చేయనివ్వలేదు. 2024 మే 1న కేసీఆర్ గారిని కూడా సిరిసిల్లలో మాట్లాడిన మాటల మీద 48 గంటలు ఆపేశారు, అదీ పోలింగ్‌కి రెండు వారాలు కూడా లేని టైంలో. ఆయన భాషకి జనాన్ని కట్టిపడేసే బలం ఉంది, ఉద్యమంలో అదే గొంతు లక్షల మందిని కదిలించింది, కానీ ఉద్యమంలో పనికొచ్చిన గొంతు ప్రతి ఎన్నికలో ప్రతి మాటకీ పనికిరాదు.

రెచ్చగొడితే ఏం చేయాలి

తప్పకుండా రెచ్చగొడతారు, ముఖ్యంగా మీకు కోపం త్వరగా వస్తుందని తెలిస్తే. అవతలివాళ్ల మీటింగ్‌లో మిమ్మల్ని తిట్టారని మీవాళ్లు పరిగెత్తుకొచ్చి చెప్తారు, ఎక్కువ చేసి చెప్తారు. ఆ రాత్రి మైకు పట్టుకోకండి, పొద్దున దాకా ఆగండి.

2020 ఢిల్లీ ఎన్నికల్లో కేజ్రీవాల్‌ని బీజేపీ ఎంపీ పర్వేశ్ వర్మ టెర్రరిస్ట్ అన్నారు. కేజ్రీవాల్ తిరిగి తిట్టలేదు. నేను మీ కొడుకు లాంటోణ్ని అనుకుంటే చీపురుకి వేయండి, టెర్రరిస్ట్ అనుకుంటే కమలానికి వేయండి అన్నారు. అంతకు ముందు నుంచే ఆయన మోదీ గారి మీద రోజూ విరుచుకుపడటం ఆపేసి కరెంటు, నీళ్లు, స్కూళ్లు అనే మాట్లాడుతున్నారు. 70లో 62 వచ్చాయి. అదే కేజ్రీవాల్ పార్టీకి 2025లో 22 వచ్చాయి, అంటే నేను మొదట్లో చెప్పినట్టు టోన్ అన్నీ మోయలేదు. కానీ తిట్టుకి జవాబు ఎలా ఇవ్వాలో నేర్చుకోవాలంటే 2020 చూడండి. ఆయన తిట్టినవాడితో మాట్లాడలేదు, వింటున్న ఓటరుతో మాట్లాడారు, నిర్ణయం వాళ్ల చేతిలో పెట్టారు. మీరూ ఒకటే వాక్యం తయారు చేసి పెట్టుకోండి: "ఆయన నన్ను ఏమన్నారో మీరు విన్నారు, నేనెవరో మీకు తెలుసు, ఇంక మన వీధి నీళ్ల సంగతి మాట్లాడుకుందాం." ఎవరు ఏమన్నా ఇదే. మూడుసార్లు ఇదే విన్నాక తిట్టేవాడికే విసుగొస్తుంది.

నోరు జారితే

అదే రోజు, అదే మైకులో, వీలైతే ఆ మనిషి ఇంటికెళ్లి చెప్పండి. "ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే చింతిస్తున్నా" అనే పేపర్ భాష వద్దు, దాన్ని ఎవరూ క్షమాపణ కింద తీసుకోరు. "ఆ మాట అనకూడదు, అన్నాను, తప్పయింది, క్షమించండి" ఇంతే. నా మాటలు వక్రీకరించారు అని మొదలుపెట్టారంటే ఆ వీడియో ఇంకో వారం తిరుగుద్ది. 2014 ఫిబ్రవరిలో 49 రోజులకే ముఖ్యమంత్రి పదవి వదిలేసిన కేజ్రీవాల్ ఆ తర్వాత వీధి వీధిలో తప్పయిందని చెప్పుకుంటూ తిరిగారు, 2015లో 67 ఇచ్చారు జనం. లేటైతే ఏమవుద్దో కూడా చూడండి, 2019లో "చౌకీదార్ చోర్" నినాదాన్ని సుప్రీంకోర్టు తీర్పుకి ముడిపెట్టినందుకు రాహుల్ గాంధీ ముందు విచారం అన్నారు, అది సరిపోక మే నెలలో బేషరతుగా క్షమాపణ చెప్పాల్సి వచ్చింది, సరిగ్గా ఎన్నికల మధ్యలో.

అభ్యర్థి ఆడమనిషైతే

మన రెండు రాష్ట్రాల్లో స్థానిక సంస్థల్లో సగం సీట్లు మహిళలవి. నిలబెట్టేది ఆవిడని, మైకు పట్టుకునేది భర్త. ఇది చూసి చూసి జనం అలవాటు పడ్డారు అంటారు గానీ ఆడ ఓటర్లు గమనిస్తూనే ఉంటారు. అమ్మా, మీరు నిలబడుతుంటే మైకు మీరే పట్టుకోండి, మూడు నిమిషాలైనా సరే. మగవాళ్లలా అరవాలని చూడకండి, మీరు పొదుపు సంఘం మీటింగ్‌లో లెక్క చెప్పేటప్పుడు ఏ గొంతుతో మాట్లాడతారో అదే గొంతు చాలు. మగ అభ్యర్థి గట్టిగా మాట్లాడితే ధైర్యం అంటారు, మీరు మాట్లాడితే నోరెక్కువ అంటారు, ఇది అన్యాయమే, కానీ ఉంది. దాన్ని దాటడానికి పనికొచ్చేది వివరాలు. ఏ బోరు ఎప్పుడు పాడైంది, అంగన్‌వాడీ బిల్డింగ్ ఎక్కడ ఆగింది, ఎన్ని పెన్షన్లు పెండింగ్‌లో ఉన్నాయి, ఇవి తడుముకోకుండా చెప్పేవాళ్లని నోరెక్కువ అనడం కష్టం.

చివరి రెండు రోజులు

రాత్రి పది తర్వాత, పొద్దున ఆరు లోపు మైకు ఎలాగూ వాడకూడదు, పరీక్షల టైమైతే పదికంటే ముందే ఆపేయండి, పిల్లల తల్లులు గుర్తు పెట్టుకుంటారు. ఎమ్మెల్యే, ఎంపీ ఎన్నికల్లో పోలింగ్ ముగియడానికి 48 గంటల ముందు ప్రచారం బంద్, స్థానిక ఎన్నికల్లో ఆ టైము రాష్ట్ర ఎన్నికల సంఘం చెప్తుంది. ఎక్కువ గొడవలు జరిగేది, ఎక్కువ నోళ్లు జారేది ఆ ముందు రోజు ర్యాలీలోనే, అందరికీ నిద్ర లేదు, గొంతులు పోయి ఉంటాయి. ఆ ర్యాలీ రూటు ముందే గీసుకోండి, అవతలి అభ్యర్థి ఇంటి ముందు నుంచి పోనివ్వకండి. చివరి స్పీచ్‌లో ఆయన పేరే ఎత్తకండి. గుర్తు రెండుసార్లు చెప్పండి, మీరు చేస్తానన్న మూడు పనులు చెప్పండి, పోలింగ్ టైము చెప్పండి, ముసలివాళ్లని తీసుకురావడానికి ఎవరికి ఫోన్ చేయాలో చెప్పండి, దండం పెట్టి దిగిపోండి.

కౌంటింగ్ రోజుకి కూడా ఇప్పుడే రెండు కాగితాలు రాసి జేబులో పెట్టుకోండి, ఒకటి గెలిస్తే, ఒకటి ఓడితే, ఒక్కోటి నాలుగు వాక్యాలు మించకుండా. గెలిచిన కాగితంలో మొదటి వాక్యం మీకు ఓటు వెయ్యనివాళ్ల గురించి ఉండాలి, ఓడిన కాగితంలో గెలిచిన వాళ్ల పేరు "గారు"తో ఉండాలి.